డాక్టరు మాట్లాడితే కంప్యూటర్ మూగబోయేది

మా ఆఫీసులో కంప్యూటర్లు మార్చింది ఒక ఆదివారం. శనివారం సాయంత్రం నేను పాతదాన్ని ఆపి ఇంటికి వెళ్ళాను. సోమవారం పొద్దున వచ్చి కుర్చీలో కూర్చుని చెయ్యి చాపితే కొత్త ప్లాస్టిక్ వాసన, నున్నటి అంచులు, ఎక్కడుందో తెలియని మీట. తడిమి తడిమి పట్టుకుని నొక్కాను. లోపల ఫ్యాను తిరగడం మొదలైంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎదురుచూశాను. ఏమీ వినపడలేదు. ఆపి, మళ్ళీ పెట్టాను. ఫ్యాను తిరిగింది. అంతే.

నాకు చూపు లేదు. ఏడేళ్ళప్పుడు వచ్చిన జ్వరంతో పోయింది. మెదక్ జిల్లాలోని మా ఊరి నుంచి నన్ను తీసుకొచ్చి హైదరాబాదులో అంధుల హాస్టల్లో చేర్చారు. అక్కడే చదువుకున్నాను, అక్కడే కంప్యూటర్ నేర్చుకున్నాను. తెర మీద ఏముందో పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. మౌస్ అక్కర్లేదు, తెర అక్కర్లేదు. కీబోర్డూ ఆ గొంతూ ఉంటే చాలు. ఆ గొంతు ఆగిపోతే మాత్రం నా ముందున్నది కంప్యూటర్ కాదు, వేడెక్కే డబ్బా.

మాదాపూర్‌లో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో నా ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక జబ్బేమిటో, ఏ మందు ఎంత ఇచ్చారో నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ రికార్డులు పొద్దుటికల్లా మా దగ్గరికి వచ్చేవి. విని, టైపు చేసి, రిపోర్టు పంపాలి. నా కాలి కింద ఒక పెడల్ ఉండేది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. ఎడమ చెవిలో డాక్టరు, కుడి చెవిలో నేను టైపు చేసింది చదివే కంప్యూటర్. నాలుగేళ్ళు అలాగే పనిచేశాను. ఎవరి సాయమూ అడగకుండా రోజంతా గడిచే చోటు నాకు అదొక్కటే.

పాత విండోస్ లైసెన్సులకు ఏటా కట్టడం ఎందుకని, ఉచితంగా దొరికే లైనక్స్‌కు మారాలని కంపెనీ పైవాళ్ళు అనుకున్నారట. కొత్త డెస్క్‌టాపులు కొని అన్నిట్లో అదే పెట్టించారు. మిగతావాళ్ళకు తెర మీది బొమ్మలు అటూ ఇటూ జరిగాయి, రంగులు మారాయి, రెండు రోజులు విసుక్కున్నారు. ఆ హాల్లో చూపు లేనివాళ్ళం ఇద్దరమే. నేనూ, నా పక్క సీటాయనా.

ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. తెనాలి వైపు మనిషి. మా కంపెనీ పెట్టినప్పటి నుంచీ ఉన్నాడు. నేను చేరిన కొత్తలో మందుల పేర్లు, ఆపరేషన్ల పేర్లు, ఏ డాక్టరు ఏ మాట మింగేస్తాడో అన్నీ నాకు ఆయనే నేర్పాడు. ఆ సోమవారం ఆయన కీబోర్డు చప్పుడు కూడా లేదు.

"నీదీ పలకట్లేదా అమ్మా?" అన్నాడు కాసేపటికి.

"లేదు సార్."

"నాదీ అంతే."

పదకొండు గంటలకు సిస్టమ్స్ చూసే ఆయన వచ్చాడు. మూడు ఆఫీసుల కంప్యూటర్లు ఆయన ఒక్కడే చూసుకునేవాడు. ఎప్పుడు వచ్చినా రొప్పుతూ వచ్చేవాడు. నా కీబోర్డు లాక్కుని ఏదేదో కొట్టాడు. హఠాత్తుగా చెవిలో ఒక గొంతు పడింది. ముక్కు మూసుకుని రేకు డబ్బాలోకి మాట్లాడినట్టుంది. ఇంగ్లిషే, కానీ మొదటి పది నిమిషాలూ నాకు ఒక్క మాట అర్థం కాలేదు.

"గిదిగో, మాట్లాడుతుంది కదా మేడం. ఇగ పరేషాన్ లేదు."

"మొదట్లో ఎందుకు మాట్లాడలేదు సార్?"

"పేరు, పాస్‌వర్డ్ కొట్టేదాకా మాట్లాడదు మేడం. గది కొట్టినంక మీరే దీన్ని స్టార్ట్ చేసుకోవాలె."

"పేరు కొట్టే చోటు వచ్చిందని నాకెట్ల తెలుస్తది?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "స్విచ్చి ఏసి జర ఆగి, అరవై లెక్కపెట్టి కొట్టున్రి. వచ్చేస్తది."

అలా నా రోజు అరవై లెక్కపెట్టడంతో మొదలయ్యేది. లెక్కపెట్టి, ఏమీ వినపడని చోట పేరు కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి, స్క్రీన్ రీడర్‌ను పిలిచే మీటలు నొక్కేదాన్ని. ఒక్క అక్షరం తప్పిందా, అది తప్పని చెప్పేవాళ్ళు లేరు. మళ్ళీ ఆపి, మళ్ళీ అరవై. కొన్నిసార్లు వెనక వరుసలో ఎవరినైనా పిలిచి తెర మీద ఏముందో చెప్పమని అడిగేదాన్ని. నాలుగేళ్ళలో నేను ఆ హాల్లో ఎవరినీ అలా పిలవలేదు.

నా వేళ్ళకు తెలిసిన మీటలన్నీ వేరే పనులు చేస్తున్నాయి. వాక్యం చదవమని నొక్కితే తెరిచిన ఫైలు మూసేసేది. వెనక్కి వెళ్ళమని నొక్కితే ఎక్కడికో పోయేది, ఎక్కడికి పోయిందో చెప్పేది కాదు. అవన్నీ నేర్చుకోవచ్చు. ఇంటికి వెళ్ళాక ఫోన్లో రికార్డు చేసుకున్న మీటల పట్టిక వింటూ, అన్నం తింటూ ఒళ్ళో వేళ్ళు కదిపేదాన్ని. అసలు బాధ అది కాదు. ఆ సోమవారం మధ్యాహ్నం మొదటి రికార్డు తెరిచి పెడల్ నొక్కాను. డాక్టరు మాట్లాడాడు. నేను టైపు చేశాను. కుడి చెవిలో ఏమీ లేదు. డాక్టరును ఆపాను. అప్పటికీ ఏమీ లేదు. డాక్టరు రికార్డును పూర్తిగా మూసేశాక, రేకు డబ్బా గొంతు మళ్ళీ వచ్చింది.

సిస్టమ్స్ ఆయన్ని మళ్ళీ పిలిచాం. ఆయన చాలాసేపు చూశాడు.

"దీంట్ల సౌండు ఒక్కదానికే ఇస్తుంది మేడం. డాక్టరు పట్టుకుంటె మీ రీడర్‌కు ఇయ్యది. రీడర్ పట్టుకుంటె డాక్టరుకు ఇయ్యది. నేను పైకి మెయిల్ పెడ్త. ఫికర్ చెయ్యకున్రి."

ఆ మెయిల్‌కు జవాబు రాలేదు.

డాక్టరు మాట్లాడితే కంప్యూటర్ మూగబోతుంది. కంప్యూటర్ మాట్లాడాలంటే డాక్టరు నోరు మూయించాలి. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. రెండు వాక్యాలు విని గుర్తుపెట్టుకోవడం, రికార్డు మూయడం, రీడర్‌ను లేపడం, టైపు చేయడం, చదివించుకోవడం, మళ్ళీ రికార్డు తెరిచి ఆగిన చోటు వెతుక్కోవడం. ఇదివరకు అరగంటలో అయ్యే రిపోర్టుకు పూట పట్టేది. సాయంత్రానికి మెడ నరాలు బిగుసుకుపోయేవి. మూడు వారాల తరువాత కొత్త సిస్టమ్ మీద అందరికీ పరీక్ష ఉంటుందనీ, వంద మాటల్లో రెండుకు మించి తప్పులుంటే ఉద్యోగం ఉండదనీ నోటీసు పెట్టారు. ఆ నోటీసును కూడా వెనక వరుస అమ్మాయే నాకు చదివి వినిపించింది.

అదే వారం సకల జనుల సమ్మె మొదలైంది.

నేను లింగంపల్లిలో మా అక్కావాళ్ళింట్లో ఉండేదాన్ని. బావ సిటీ బస్సు డ్రైవరు. సమ్మెతో బస్సులన్నీ డిపోలో ఆగిపోయాయి. బావ పొద్దున్నే డిపో గేటు ముందు టెంటు దగ్గరికి పోయి సాయంత్రం వచ్చేవాడు. గొంతు బొంగురుపోయేది కానీ, అంత హుషారుగా ఆయన మాట్లాడగా అంతకు ముందు నేను వినలేదు. అక్క కూడా ఆ పక్క వీధి ఆడవాళ్ళతో రోడ్డు మీద వంటా వార్పుకు పోయి వచ్చింది. తెలంగాణ కావాలని మా ఇంట్లో ఎవరికి లేదు గనక? నాకూ ఉంది. హాస్టల్లో నా యాస విని నవ్విన పిల్లలు నాకింకా గుర్తున్నారు. కానీ ఆ సమ్మె సాగినన్నాళ్ళూ ఇంట్లో జీతం వచ్చేది నాకొక్కదానికే. అది ఎవరూ పైకి అనలేదు. అక్క నాకు రెండోసారి కూర వేస్తున్నప్పుడు గరిటె నా కంచానికి తగిలే చప్పుడులో తెలిసేది.

"ఏమైందే పిల్లా, అట్ల కూసున్నవ్?" అన్నాడు బావ ఒక సాయంత్రం.

"ఆఫీసుల కొత్త కంప్యూటర్లు వచ్చినయి బావా. సరిగ మాట్లాడ్త లేవు."

"కొత్తయి గదా. మా డిపోల కొత్త బండి ఇచ్చినా వారం పది రోజులు గేరు ఏడుందో చెయ్యికి దొరకది. అలవాటైతది తియ్యి."

సరే అన్నాను. గేరు దొరకకపోతే బస్సు ఆగుతుంది. నాకు రోడ్డే లేకుండా పోయిందని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

బొగ్గు గనుల్లో కూడా పని ఆగిపోయింది. కరెంటు కోతలు మొదలయ్యాయి. మా ఆఫీసు అందరూ చెప్పుకునే అద్దాల టవర్లలో లేదు. వాటి వెనక సందులో ఒక పాత భవనం మూడో అంతస్తు. కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు మా వరుస కంప్యూటర్లు ఒకసారి ఆరి మళ్ళీ మొదలయ్యేవి. మిగతావాళ్ళు "అబ్బా" అని కుర్చీ వెనక్కి వాలేవాళ్ళు. నేను అరవై లెక్కపెట్టేదాన్ని. ఒక రోజు అలా ఐదుసార్లు అయింది. ఐదోసారి లెక్క మధ్యలో తప్పింది. ఎక్కడున్నానో గుర్తులేదు, నలభయ్యా, యాభయ్యా. చేతులు కీబోర్డు మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాను. కరెంటు ఉండాలని కోరుకోవడం కూడా తప్పేమోననిపించింది. ఆ కరెంటు పోవడం కోసమే మా బావలాంటివాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు.

రెండో వారంలో నేను చేసిన తప్పు బయటపడింది.

మా రిపోర్టులు సరిచూసే మేడం కోస్తా నుంచి వచ్చినావిడ. ఈ పనికి రాకముందు చాలా ఏళ్ళు నర్సుగా చేసింది. భోజనానికి ముందు టిఫిన్ డబ్బా మూత తీసి, ఒక్క క్షణం చాలా చిన్నగా ప్రార్థన చేసుకునేది. పక్కన కూర్చుంటేనే వినిపించేది. ఎవరినీ గట్టిగా మందలించగా నేను వినలేదు. ఆ రోజు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు వేసి, కుర్చీ నా చేతికి అందించింది.

"ఈ ముసలాయన రిపోర్టు నువ్వే చేశావు కదమ్మా? నిద్రమాత్ర డోసు ఎంత రాశావో గుర్తుందా?"

"పదిహేను మేడం."

"యాభై అని ఉంది."

ఇంగ్లిషులో పదిహేనుకూ యాభైకీ ఆ కొత్త గొంతులో తేడా చివర ఒక చిన్న ముక్కు శబ్దం. నేను అలసటలో యాభై కొట్టి ఉంటాను. చదివించుకున్నప్పుడు నాకు పదిహేను అనే వినిపించింది. డాక్టరును పక్కనే పెట్టుకుని పోల్చుకునే వీలుంటే దొరికేది. అప్పటికి రికార్డు మూసేసి ఉన్నాను.

"నేను చూశాను కాబట్టి ఆగింది," అందామె. "నేను వార్డులో చేసినప్పుడు ఇలాంటి కాగితం చూసే మందు ఇచ్చేదాన్నమ్మా. కాగితం మీద ఏముంటే అదే. మనం ఎవరమని వాళ్ళు అడగరు."

"తెలుసు మేడం."

"దీన్ని నేను తప్పుల లెక్కలో రాయక తప్పదు. దాచలేను."

"రాయండి మేడం."

బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాను. అప్పటిదాకా నా ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. ఆ రోజు మొదటిసారి నేనీ ఉద్యోగంలో ఉండటమే తప్పేమో అనిపించింది. ఎక్కడో మంచం మీద పడుకున్న ఒక ముసలాయన, నాకు ఆయన వయసూ రక్తపోటూ తెలుసు, పేరు తెలియదు. నా చెవి తప్పు విన్నందుకు ఆయన పొద్దున లేవకపోతే? మెట్ల రెయిలింగు పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. పైనుంచి దిగేవాళ్ళు నా పక్కన కొంచెం నెమ్మదిగా నడిచి, మళ్ళీ వేగంగా దిగి వెళ్ళిపోయారు.

పక్క సీటాయన అప్పటికే మాట్లాడటం తగ్గించాడు. పనిలో నాకంటే ఎన్నో రెట్లు గట్టివాడు, కానీ వేగం మీద బతికినవాడు. రోజుకు ఇరవై రిపోర్టులు చేసే మనిషి రెండు చేసి ఇంటికి వెళ్ళేవాడు. నా తప్పు సంగతి విన్నాక ఒకసారి నా టేబుల్ దగ్గరికి వచ్చి, "నేనూ నాలుగు చోట్ల చేశానమ్మా. మేడం నీకు చెప్పి ఉండదు," అన్నాడు. మూడో రోజు పొద్దున ఆయన సీటులో చేతిసంచీ సర్దుతున్న చప్పుడు వినిపించింది.

"ఎక్కడికి సార్?"

"కాగితం ఇచ్చేశానమ్మా. ఇంకో వారం ఆగితే వాళ్ళే పంపిస్తారు. పంపించబడి పోవడం నాకు ఇష్టం లేదు."

"పరీక్షదాకా అయినా ఉండండి సార్. ఏదన్న దారి దొరుకుతది."

"నాకు యాభై ఏళ్ళు వస్తున్నాయి. కొత్త గొంతుతో మళ్ళీ మొదటి నుంచి సంసారం చెయ్యడం నావల్ల కాదు." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "నీకు వయసుంది. ప్రయత్నించు. కుదరకపోతే మాత్రం అది నీ తప్పు కాదని గుర్తుపెట్టుకో."

లిఫ్టు దగ్గరిదాకా ఇద్దరం ఒకరి కర్ర చప్పుడు ఒకరం వింటూ నడిచాం. లిఫ్టు తలుపు మూసుకున్నాక నేను వెనక్కి తిరిగి నా సీటు దాకా రావడానికి దారి తప్పాను. నాలుగేళ్ళుగా నడిచిన దారి.

ఆ తరువాత బంద్ పిలుపులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. రైళ్ళు కూడా ఆపుతారన్నారు. నేను రోజూ లింగంపల్లిలో లోకల్ రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్లో దిగి షేర్ ఆటో పట్టుకునేదాన్ని. రైలూ లేదు, ఆటోలూ లేవు. సెలవు పెడితే పరీక్షకు సాధన పోతుంది. పొద్దున కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. బావ చూసి పక్కింటి స్కూటర్ తాళాలు అడిగి తెచ్చాడు.

"ఎక్కు," అన్నాడు.

"నువ్వు సమ్మెల ఉన్నవ్ బావా. నన్ను కంపెనీకి తోలుకపోతె నిన్నేమంటరు?"

"ఎక్కవే."

కొండాపూర్ దాటేదాకా రోడ్డు ఖాళీగా ఉంది. కొత్తగూడ చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి డప్పులు వినపడ్డాయి, రోడ్డు మీదే కట్టెల పొయ్యి పొగ, ఉడుకుతున్న పప్పు వాసన. స్కూటర్ ఆగింది. చుట్టూ మనుషులు మూగారు.

"ఎటు పోతున్నవే అన్నా? గియ్యాల బంద్ గదా," అన్నాడెవరో.

బావ గొంతు మామూలుగా లేదు. "మా మరదలు తమ్మీ. కండ్లు కానరావు. దవాఖానకు తోలుకపోతున్న."

ఒక్క క్షణం అందరూ మెత్తబడ్డారు. "పోన్రి అన్నా, పోన్రి. అరె జర జరుగున్రి, దారియ్యున్రి." ఎవరో ఆడమనిషి నా భుజం మీద చెయ్యి వేసి "పైలం బిడ్డా" అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను తల వంచుకున్నాను. రోగిలాగా కూర్చోవాలో, మామూలుగా కూర్చోవాలో తెలియలేదు. మా ఆఫీసు సందు మొదట్లో బావ బండి ఆపి చాలాసేపు ఇంజను ఆపలేదు.

"నాతోటోళ్ళకు అబద్ధం చెప్పిన," అన్నాడు. "నిన్ను అడ్డం పెట్టుకొని. ఏమనుకోకు."

"ఏమనుకోలే బావా."

అనుకున్నాను. ఆయన మీద కాదు. అబద్ధం ఆడటానికి పనికొచ్చాను, పని చెయ్యడానికి పనికిరావడం లేదు, అనుకున్నాను. మూడో అంతస్తుకు మెట్లెక్కుతుంటే ఒక్కో మెట్టు మీదా ఆ మాటే.

ఆఫీసులో పదిమంది కూడా లేరు. మేడం కొండాపూర్ నుంచి నడిచి వచ్చింది. ఆమె మంచినీళ్ళు తాగుతూ నా పక్కన కూర్చుంది.

"దారిలో ఎవరితోనూ మాట్లాడలేదమ్మా," అంది. "నోరు విప్పితే మా యాస తెలిసిపోతుంది కదా."

"మావోళ్ళు ఏమనరు మేడం."

"తెలుసు. ఇన్నాళ్ళలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా భయం. ఇల్లు కదా ఇది కూడా నాకు. ఏమో, రేపెలా ఉంటుందో."

నాకు కావలసిన రాష్ట్రం ఆమెకు భయం. ఆమె నా మీద రాసిన తప్పు నాకు భయం. తరువాత ఆమె లేచి, "మీ వరుసకు ఇవాళ కరెంటు ఇవ్వట్లేదు. ఆ మూల క్లయింట్లతో మాట్లాడే అమ్మాయి రాలేదు, అక్కడ కూర్చో," అని నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళింది.

ఆ సీట్లో నా హెడ్‌ఫోన్లు పెట్టి, స్విచ్చి వేసి, లెక్కపెట్టి, పేరు కొట్టి, రీడర్‌ను పిలిచాను. ఏమీ వినపడలేదు. మళ్ళీ చేశాను. లేదు. మూడోసారి కూడా లేదు. హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ మీద పడేసి, తల కీబోర్డు మీద ఆనించాను. అక్కకు ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను. అప్పుడు ఎక్కడో చీమ మాట్లాడుతున్నట్టు రేకు డబ్బా గొంతు వినిపించింది. నా హెడ్‌ఫోన్లలోంచి కాదు. టేబుల్ అవతలి చివర నుంచి.

తడిమితే ఒక చెవికే పెట్టుకునే హెడ్‌సెట్ దొరికింది. ఆ అమ్మాయి క్లయింట్లతో మాట్లాడటానికి వాడేది. దాని తీగ నా హెడ్‌ఫోన్ల తీగలా గుండ్రటి రంధ్రంలోకి పోలేదు, పెన్‌డ్రైవ్ పెట్టే చోటులోకి పోయింది. కంప్యూటర్ దాన్ని ఇంకో నోరు అనుకుని అందులో మాట్లాడుతోంది. మరి నా హెడ్‌ఫోన్లకు వెళ్ళే సౌండు ఎవరూ పట్టుకోలేదన్న మాట.

డాక్టరు రికార్డు తెరిచే ప్రోగ్రాములో ఉన్న మెనూలన్నీ ఆ మూడు వారాల్లో నేను పైనుంచి కిందికి వందసార్లు విన్నాను. మాట ఎందులోంచి రావాలో ఎంచుకునే వరుస ఒకటి అందులో ఉంది. ఇదివరకు అక్కడ ఒక్క పేరే ఉండేది. ఇప్పుడు రెండున్నాయి. నా హెడ్‌ఫోన్లది ఎంచుకున్నాను. హెడ్‌సెట్ కుడి చెవికి, నా హెడ్‌ఫోన్ల ఒక వైపు ఎడమ చెవికి పెట్టుకుని, రికార్డు మొదలుపెట్టాను. డాక్టరు మాట్లాడాడు. నేను ఒక మాట టైపు చేశాను. కుడి చెవిలో ఆ మాట వినిపించింది. డాక్టరు ఆగలేదు.

నేను మేడంను పిలవలేదు. ముందు ఒక రిపోర్టు మొత్తం చేశాను. అంకె వచ్చిన ప్రతిచోటా ఆగి, ఒక్కొక్క అంకె మీదకూ బాణం మీటతో వెళ్ళి విడివిడిగా విన్నాను. అప్పుడు లేచి ఆమె గదికి వెళ్ళి, "మేడం, అటువంటి హెడ్‌సెట్ నాకొకటి ఇప్పిస్తరా?" అని అడిగాను. ఎందుకో చెప్పాను. "ఇంత చిన్నదా," అంది ఆమె. ఆ వారంలోనే ఒకటి తెప్పించింది.

ఆ మధ్యాహ్నమే పక్క సీటాయనకు ఫోన్ చేశాను. ఊరికి వెళ్ళిపోయాడు. మొత్తం చెప్పాను, ఏ తీగ ఎక్కడ పెట్టాలో, ఏ మెనూలో ఎన్నోదో. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"ఎప్పుడు దొరికింది?"

"ఇయ్యాల్నే సార్. మీరు వచ్చెయ్యండి. నేను మేడంతో మాట్లాడత."

"నేను వచ్చేసి తొమ్మిది రోజులమ్మా," అన్నాడు. "అన్నం తిన్నావా?" అని అడిగి, జవాబు చెప్పేలోపు ఫోన్ పెట్టేశాడు.

నేను చెప్పగా మేడం పైవాళ్ళను అడిగింది. ఆయన పోస్టే తీసేశామన్నారు. ఆ మాట ఆయనకు చెప్పడానికి మళ్ళీ ఫోన్ చెయ్యలేకపోయాను. ఇప్పటికీ చెయ్యలేదు.

పరీక్ష అనుకున్న రోజు జరగలేదు. బంద్‌ల వల్ల జనం రాలేక వారం వెనక్కి జరిపారు. ఆ వారమే నన్ను నిలబెట్టింది. పరీక్ష మధ్యలో కరెంటు పోయి కంప్యూటర్ ఒకసారి ఆరింది. మళ్ళీ మొదలుపెట్టి పూర్తి చేశాను. వందకు రెండు తప్పులు లెక్కకు సరిగ్గా సరిపోయాయి, ఇంకొక్క మాట తప్పితే పోయేదే. మేడం ఆ సంగతి చెప్పి, "నువ్వు కూడా వెళ్ళిపోతావనుకున్నానమ్మా," అంది. సంతోషం రావాలి గదా, రాలేదు. కుర్చీలో కూర్చుని చేతులు తుడుచుకున్నాను.

సమ్మె వాయిదా పడింది. బావ డిపోకు పోయాడు. రాష్ట్రం ఇంకా రాలేదు. వారం రోజులు ఆయన ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, రాత్రి అన్నం దగ్గర కూడా. నేనూ అక్కా ఆయన్ను కదిలించలేదు. ఆ తరువాత ఒక రోజు పొద్దున ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీ కంప్యూటరు ఎట్లున్నదే?" అని అడిగాడు.

"మాట్లాడుతుంది బావా."

"మంచిది," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కొత్త గొంతు అర్థం కావడానికి ఇంకా నెలలు పట్టింది. పని కుదురుకున్నాక కూడా కరెంటు పోయిన ప్రతిసారీ చెయ్యి చాపి హెడ్‌సెట్ తీగ ఊడలేదు కదా అని తడిమి చూసుకునేదాన్ని. ఆ ముసలాయన రిపోర్టు కలలోకి వచ్చేది. కలలో నాకు కాగితం కనిపించదు, ఎవరో పదే పదే అంకె చదువుతుంటారు, అది ఏ అంకెనో తేలకముందే మెలకువ వస్తుంది.

చలికాలంలో పక్క సీట్లోకి ఒకమ్మాయి వచ్చింది. చూపున్న అమ్మాయి, వరంగల్ నుంచి. మొదటి రోజు కాసేపు నన్ను గమనించినట్టుంది.

"అక్కా, రెండు ఎందుకు పెట్టుకున్నరు చెవులకు? ఒకటి చాలదా?"

కంప్యూటర్‌లో సౌండు ఎలా పంచుకోవాలో, ఏ తీగ ఎక్కడ పెట్టాలో ఆమెకు వివరంగా చెప్పాను. ఆమె కూర్చున్న కుర్చీలో అంతకు ముందు ఎవరుండేవారో ఆమె అడగలేదు. నేనూ చెప్పలేదు.